నాన్న చిన్ననాటి వీధి గురించి అడిగితే ‘ఏముంది అందులో’ అంటున్నారు, ఎలా చెప్పించాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మీ నాన్నగారికి 71 ఏళ్ళు. శ్రీకాకుళం గుడివీధికి దగ్గర్లో ఒక పెంకుటింట్లో పుట్టి, ఉద్యోగం వచ్చేదాకా అక్కడే పెరిగారు. ఆ ఇల్లు చేతులు మారింది, వేసవిలోగా పడగొడతారు. ఈలోగా ఆయన చిన్ననాటి సంగతులు రికార్డు చేసి పిల్లల కోసం దాచాలని మీ కోరిక. ఎప్పుడు అడిగినా ఆయన ‘ఏముంది అందులో, అందరి చిన్నతనం లాంటిదే’ అని ఊరుకుంటున్నారు. ఏమి అడగాలి, ఎలా అడగాలి?

సూటిగా చెబుతాను. కథలు చెప్పమని అడగకండి. వీధి బొమ్మ గీసి చూపించమని అడగండి. పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి ఆయన ముందు పరచండి. పెన్సిలు ఆయన చేతికే ఇవ్వండి. మీ ఇంటి గుమ్మం ఎక్కడో ఒక గీత గీయమనండి. ఆ తర్వాత, ‘గుమ్మంలో నిలబడి వీధి వైపు చూస్తే ఎడమ పక్క ఇల్లు ఎవరిది?’ అని అడగండి. అక్కడి నుంచి ఒక్కో గుమ్మం దాటుకుంటూ వెళ్ళండి. మొదటి రోజుకు ఇది చాలు.

నేను శ్రీకాకుళంలోనే పుట్టి పెరిగాను. తెలుగు ఉపాధ్యాయురాలిగా పనిచేసి విరమణ పొందాను. 2007 నుంచి, తీరిక దొరికినప్పుడల్లా, మా ఊరి పాత పేటల్లో పెద్దవాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళ చిన్ననాటి వీధులను రాసుకుంటున్నాను. ఇప్పటికి అరవై మందికి పైగానే అయ్యారు. వాళ్ళలో చాలామంది మొదట అన్నమాట మీ నాన్నగారు అన్నదే. అందుకని ఆయనకు చెప్పడం ఇష్టం లేదని అనుకోకండి. ‘మీ చిన్నతనం ఎలా ఉండేది’ అని అడిగితే మనం ఆయన్ని తీర్పు చెప్పమంటున్నట్టు. ‘బాగానే ఉండేది’ అని ఒక్క ముక్కలో ముగించేస్తారు. పక్కింటి గుమ్మం ఎవరిదో చెప్పడానికి తీర్పులతో పని లేదు. పేరు వస్తుంది, పేరు వెనుకే ఆ మనిషి దగ్గు, ఆ మనిషి చేతి కర్ర, ఆ ఇంట్లో కలిపిన ఆవకాయ వాసన వస్తాయి.

మా వైపు పాత వీధుల్లో ఈ పద్ధతి బాగా పనిచేయడానికి ఇంకో కారణం ఉంది. మన ఇళ్ళు ఒకదాని గోడను ఒకటి పంచుకుంటూ వరుసగా ఉండేవి. వీధి వైపు సన్నగా, లోపలికి పొడుగ్గా. ముందు అరుగు, ఆ వెనుక నడవ, నట్టిల్లు, వంటిల్లు, ఆ తర్వాత పెరడు, చివర దొడ్డి తలుపు. అరుగులు కూడా ఒకదానికొకటి ఆనుకునే ఉండేవి. పిల్లలు వీధి మట్టి తగలకుండా ఈ చివరి నుంచి ఆ చివరికి అరుగుల మీదుగానే పరుగెత్తేవారు. ఏ అరుగు ఎత్తు, ఏది పల్లం, ఏ అరుగు మీద ఎవరు కసిరేవారు అన్నది కాళ్ళకు గుర్తుండిపోతుంది. మీ నాన్నగారికీ గుర్తుండే ఉంటుంది. ఆ వరుస ఆయనకు దొరికితే చాలు.

ఒక్కో గుమ్మం దగ్గర నాలుగు ప్రశ్నలు. ఎవరుండేవారు? ఆ ఇంటి నుంచి ఏ వాసన, ఏ చప్పుడు వచ్చేది? మీరు అక్కడికి దేనికి వెళ్ళేవారు? ఎప్పుడు వెళ్ళడం మానేశారు, ఎందుకు? మొదటి మూడూ పిల్లవాడి ప్రపంచాన్ని తెరుస్తాయి. నాలుగోది వీధి చరిత్రను తెరుస్తుంది. వాళ్ళు ఊరు విడిచి వెళ్ళారనో, పెద్దల మధ్య మాట పడిందనో, ఆ ఇంటి అమ్మాయికి పెళ్ళయిందనో, ‘అమ్మ వెళ్ళొద్దంది, ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు’ అనో జవాబు వస్తుంది. ఈ చివరి జవాబు వచ్చినప్పుడు తొందరపడి ఇంకో ప్రశ్న వేయకండి. ఒక నిమిషం ఆగండి. ఆయనే పూర్తి చేస్తారు.

నా సంగతే చెబుతాను. మా ఇంటికి కుడివైపు మూడో గుమ్మం గానుగ వారిది. ఎద్దు తిరుగుతుంటే రోకలి ఒరుసుకుని వచ్చే కిర్రుమనే చప్పుడు మధ్యాహ్నమంతా వినిపించేది. అమ్మ నన్ను నూనె కోసం పంపితే, ఆ ఇంటి అవ్వ వెచ్చని తెలికపిండి ముద్ద చిన్న బెల్లం ముక్కతో కలిపి నా చేతిలో పెట్టేది. ఆవిడ అడ్డపొగ తాగేది. చుట్ట వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని కూడా మాట్లాడటం మా వైపు ముసలమ్మలకు అలవాటు. నోరు కాలదా అని నేను భయపడేదాన్ని. ఇవన్నీ నాకు ‘నీ బాల్యం గురించి చెప్పు’ అంటే రావు. ‘కుడివైపు మూడో గుమ్మం’ అంటే వస్తాయి.

పటం ఒక కొలిక్కి వచ్చాక, అంటే రెండో రోజో మూడో రోజో, ఎల్లల ప్రశ్న వేయండి. ‘ఆరేళ్ళప్పుడు ఎంతదాకా వెళ్తే తిట్లు పడేవి? పదేళ్ళప్పుడు? పధ్నాలుగేళ్ళప్పుడు?’ పిల్లల లోకం ఏడాదికింత చొప్పున పెరగదు, సందు మలుపుకింత చొప్పున పెరుగుతుంది. ఒక పెద్దాయన జవాబు నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. ఆరేళ్ళకు వీధి కుళాయి, పదేళ్ళకు ఏటి ఇసుక, పధ్నాలుగేళ్ళకు ఏడు రోడ్ల కూడలి. ఆ తర్వాత ఆమదాలవలస. రైలు స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్డే అయినా అది ఉన్నది ఆమదాలవలసలో, ఊరికి పన్నెండు పదమూడు కిలోమీటర్ల అవతల. కాబట్టి మా ఊరి పిల్లలు ఇంట్లో పడుకుని రైలు కూత వింటూ పెరగలేదు. ఆయన మొదటిసారి రైలు చూసింది మాత్రం ఒంటరిగా వెళ్ళే ఈడు రాకముందే, పన్నెండో ఏట, మేనమామ చేయి పట్టుకుని. ఆ రోజు తాగిన సోడా గురించి అరగంట చెప్పారు.

గుడివీధి వైపు పెరిగిన మనిషిని ఏటి గురించి తప్పకుండా అడగాలి. అయితే ‘నాగావళిలో ఈత కొట్టేవారా’ అని అడిగితే అవును, కాదు అని తేలిపోతుంది. తాగే నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చేవి, ఎవరు తెచ్చేవారు, ఏ పాత్రలో, ఏ వేళప్పుడు అని అడగండి. ఎండాకాలంలో నది సన్నబడి ఒక ఒడ్డుకు ఒదిగి పారేది. మిగతాదంతా ఇసుక. ఆ ఇసుకలో మోచేతి లోతు తవ్వితే నీరు ఊరుతుంది. అదే చెలమ. మొదట ఊరిన నీరు మడ్డిగా ఉంటుంది. కొబ్బరి చిప్పతో దాన్ని తోడి పారబోసి, కాసేపు ఆగితే తేటనీరు వస్తుంది. అమ్మ బిందె మూతికి గుడ్డ కట్టి ఒక్కో చిప్పే పోసేది. బిందె నిండేదాకా నేను పక్కన కూర్చుని ఎక్కాలు అప్పజెప్పాలి. పదమూడో ఎక్కం నాకు ఇప్పటికీ తడి ఇసుక వాసనతోనే గుర్తొస్తుంది.

ఏటికి ఒక గట్టి నియమం ఉండేది. నీళ్ళ రంగు మారితే ఇసుకలోకి దిగకూడదు. నది పుట్టేది ఒడిశాలో, కలహండి కొండల్లో. అక్కడ కుండపోతగా కురిస్తే, మా ఊళ్ళో ఎండ కాస్తుండగానే ఇక్కడి నీళ్ళు ఎర్రబడేవి. ఆకాశం చూసి నమ్మితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ ఎరుపు కనిపెట్టి మొదట అరిచేది చాకిరేవు దగ్గరివాళ్ళు. మీ నాన్నగారి వీధిలో ఆ కేక ఎవరు వేసేవారో అడగండి. ఇలాంటి జవాబులు ఏ సర్కారు గెజిటీరు పుస్తకంలోనూ దొరకవు.

పండగల విషయంలో నేను చాలాకాలం పొరపాటు చేశాను. ‘సంక్రాంతి ఎలా చేసేవారు’ అని అడిగేదాన్ని. అందరూ ఒకే జవాబు చెప్పేవారు: భోగిమంట, పిడకల దండ, అరిసెలు, కొత్త బట్టలు. అది పుస్తకంలో చదివినట్టే ఉంటుంది. ఇప్పుడు పండగ ముందు రోజు రాత్రి గురించి అడుగుతున్నాను. మా ఊరికి రథసప్తమి అలాంటిది. సూర్యదేవుడి గుడి ఉన్న అరసవల్లి ఊరికి ఆనుకునే ఉంది. మాఘమాసంలో సప్తమి ముందు రోజు సాయంత్రానికి ఎక్కడెక్కడి పల్లెల నుంచో జనం నడిచి వచ్చేవారు. చీకటి పడేసరికి మా అరుగులన్నీ యాత్రికులతో నిండిపోయేవి. ఎవరో, ఏ ఊరివాళ్ళో తెలియదు. అమ్మ చెంబులతో నీళ్ళు అందించేది, నాన్న లాంతరు వత్తి తగ్గించి అరుగు మీదే ఉంచేవారు. తెల్లవారకుండానే వాళ్ళంతా లేచి వెళ్ళిపోయేవారు. మేము లేచేసరికి అరుగు మీద రెండు మూడు జిల్లేడు ఆకులు, ఎవరో మరిచిపోయిన గావంచా. ఆ గావంచాను ఏడాదంతా దండెం మీద అలాగే ఉంచింది అమ్మ, వాళ్ళు మళ్ళీ వస్తారేమోనని. ‘మీ అరుగు మీద ఎవరు పడుకునేవారు’ అని అడిగితేనే గావంచా బయటికి వస్తుంది.

ఏ సంవత్సరం అని అడగకండి, గుర్తు అడగండి. మీ నాన్నగారు జయ నామ సంవత్సరంలో పుట్టి ఉండాలి, అంటే 1954–55. జాతక చక్రం ఉంటే చూడండి. బడి సర్టిఫికెట్టు మీద తేదీని మాత్రం గుడ్డిగా నమ్మవద్దు. చేర్చుకునేటప్పుడు మాస్టారు వయసు అంచనా కట్టి వేసిన తేదీలు ఆ తరానికి చాలా ఉన్నాయి. ఆయన చిన్నతనానికి సరిపోయే గుర్తులు కొన్ని ఇస్తాను. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. ‘నయా’ అన్న మాట 1964లో తీసేశారు. ‘నయాపైసకు ఏమి వచ్చేది’ అంటే ఆ ఏడేళ్ళ మధ్య సంగతి దొరుకుతుంది. బేడ, పావలా అన్న మాటలను బట్టి మాత్రం కాలం నిర్ణయించకండి. నాణేలు పోయినా మాటలు చాలాకాలం బతికాయి. వీశెలు, మణుగులు పోయి కిలోలు వచ్చిన రోజులు కూడా ఆ ప్రాంతానివే. ‘కొట్టు వాడు మోసం చేస్తున్నాడు’ అని నాయనమ్మలు అనుమానపడిన ఘట్టాలు ప్రతి ఇంట్లో ఉంటాయి.

1962 ఫిబ్రవరి మొదటి వారంలో అష్టగ్రహ కూటమి వచ్చింది. ప్రపంచం మునిగిపోతుందని దేశమంతా భయపడింది. అప్పటికి ఆయనకు ఏడెనిమిదేళ్ళు. ఆయన ఈడువాడే ఒకాయన నాతో చెప్పింది: ఆ రాత్రి వీధివీధంతా అరుగుల మీదే ఉంది, భజనలు చేశారు, పిల్లలను ఒళ్ళో పడుకోబెట్టుకున్నారు. ఈయన అమ్మను గట్టిగా పట్టుకుని ‘రేపు బడి ఉంటుందా’ అని అడిగాడట. ఆవిడ ‘ఉంటుంది, పడుకో’ అందట. డెబ్బై ఏళ్ళ మనిషి ఆ రెండు మాటలూ చెప్పి కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. అదే ఏడాది చివర్లో చైనా యుద్ధం, 1964 మే 27న నెహ్రూ మరణం. ఈ మూడూ అడిగితే ఆయన అప్పుడు ఏ తరగతిలో ఉన్నారో, ఏ ఇంట్లో రేడియో ఉందో, ఎవరి అరుగు మీద ఊరు చేరేదో తేలిపోతుంది.

మాటలతో రానివి వస్తువుతో వస్తాయి. పొందూరు నుంచి మా పేటకు కోడలుగా వచ్చిన ఒక అవ్వ నన్ను మూడుసార్లు తిప్పి పంపింది. నాలుగోసారి వెళ్ళినప్పుడు, తెలిసినవాళ్ళ దగ్గర అడిగి తెచ్చిన వాలుగ చేప దవడ ఎముకను ఆవిడ చేతిలో పెట్టాను. పొందూరు సన్న ఖద్దరుకు పత్తిని ఏరి శుభ్రం చేసేది ఆ దవడతోనే. సన్నని పళ్ళు దువ్వెనలా ఉంటాయి. దువ్వితే గింజను అంటుకున్న నూగు దారీతెన్నూ పట్టుకుని తిన్నగా వస్తుంది. అవ్వ ఏమీ మాట్లాడలేదు. వేళ్ళు వాటంతటవే కదిలాయి, లేని పత్తిని దువ్వినట్టు. తర్వాత రెండు గంటలు చెప్పింది. వాళ్ళ అమ్మ దగ్గర నేర్చుకున్న తీరు, రాట్నం ముందు కూర్చుంటే నడుము నొప్పి, దారం తెగితే పడిన మొట్టికాయ, నూలు అమ్మిన డబ్బులతో కొనుక్కున్న మొదటి గాజులు. మీ నాన్నగారికి అలాంటి వస్తువు ఏదో మీకే తెలియాలి. బొంగరమా, ఇత్తడి గిద్దా, అడ్డ కొలతా, వాళ్ళ నాన్న కళ్ళజోడు పెట్టా. ఇంట్లో వెతకండి.

ఆయనకు అక్కో తమ్ముడో ఉంటే ఇద్దరినీ కలిపి ఒకసారి కూర్చోబెట్టండి. వాళ్ళు వాదించుకోనివ్వండి. ఒక వీధిలో ‘రంగం వారి ఇల్లు’ అని ఒక మేడ ఉండేది. రంగం అంటే రంగూన్. మా జిల్లా నుంచి ఎంతోమంది ఓడలెక్కి బర్మా వెళ్ళి కూలి చేశారు, కొందరు బాగుపడి తిరిగి వచ్చారు. ఆ వీధి అన్నదమ్ములిద్దరిని కలిపి కూర్చోబెడితే, ఆ మేడ తలుపులు బర్మా టేకువని అన్న అన్నాడు, కాదని తమ్ముడు. చివరికి తేలిందేమిటంటే, వాళ్ళు మాట్లాడుతున్నది రెండు వేరువేరు కుటుంబాల గురించి. ఒక కుటుంబం డబ్బుతో ముందే వచ్చి మేడ కట్టింది. రెండోది 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక, సగం మందిని అడవి దారిలో పోగొట్టుకుని, నడిచి వచ్చి ఆ మేడ వెనుక భాగంలో అద్దెకు చేరింది. అన్నకు ముందు గుమ్మం గుర్తుంది, తమ్ముడికి వెనుక గుమ్మం. ఒక్కడినే అడిగి ఉంటే నాకు సగం ఇల్లే దొరికేది.

ఇక్కడ అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త ఒకటి చెప్పాలి. దయచేసి దీన్ని దాటవేయకండి.

చాలా ఏళ్ళపాటు నేను రాసుకున్నవన్నీ అరుగు మీద కూర్చున్నవాళ్ళ జ్ఞాపకాలు. వాటిలో మా వీధి చల్లగా, అందరూ ఒకే కుటుంబంలా ఉండేది. 2012లో ఒక పెద్దావిడ దగ్గర కూర్చున్నాను. ఆవిడ తల్లి మా పేటలోనే మరుగుదొడ్లు శుభ్రం చేసేది. మనుషులే మలాన్ని ఎత్తి మోసుకెళ్ళాల్సిన దొడ్లు అవి. ఆ పనిని నిషేధిస్తూ మొదటి చట్టం 1993లో, గట్టి చట్టం 2013లో వచ్చాయి. ఈవిడ ఆరేడేళ్ళ పిల్లగా తల్లి వెనుక చీపురు పట్టుకుని నడిచేది. నేను మామూలుగానే కాగితం పరిచి వీధి గీయమన్నాను. ఆవిడ గీసిన పటంలో అరుగులు లేవు, వీధి గుమ్మాలు లేవు. పెరటి వెనుక సందు ఉంది, దాని పక్కన దొడ్డి తలుపులు వరుసగా ఉన్నాయి. ఏ తలుపు కిర్రుమంటుందో, ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏ ఇంట్లో నీళ్ళు పైనుంచి పోసేవారో, ఏ ఇంటి తల్లి పండగకు అన్నం అరిటాకులో పెట్టి గోడ మీద ఉంచేదో ఆవిడకు తెలుసు. మా ఇంటి తలుపు ఆవిడ పటంలో ఎడమ నుంచి ఐదోది. ‘ఆ ఇంటివాళ్ళు మా అమ్మను పేరు పెట్టి పిలిచేవారు కాదు’ అంది. అది మా ఇల్లని ఆవిడకు తెలియదు. నేను చెప్పాను. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత నేను ఆవిడ తల్లి పేరు అడిగి, ఆవిడ ముందే నా పుస్తకంలో రాసుకున్నాను.

ఆ రోజు తర్వాత నా దగ్గర ఉన్న పాత పటాలన్నీ మళ్ళీ తీశాను. ఒక్కదానిలోనూ వెనుక సందు లేదు. నేనే అడగలేదు కాబట్టి ఎవరూ గీయలేదు. అందుకే మీకు చెబుతున్నాను. వెనుక తలుపు గురించి అడగండి. దొడ్డి దారిన ఎవరు వచ్చేవారు, వాళ్ళ పేర్లేమిటి, బావి దగ్గరికి ఎవరు రాకూడదు, ఎవరి గ్లాసు విడిగా ఉండేది. మీ నాన్నగారికి ఇబ్బందిగా ఉండవచ్చు. నెమ్మదిగా అడగండి, నిలదీసినట్టు వద్దు. అప్పుడాయన పిల్లవాడు. కానీ పిల్లలు అన్నీ చూస్తారు. వీలైతే ఆ వెనుక సందులో నడిచిన కుటుంబాలవాళ్ళను ఒకరిద్దరినైనా వెతికి, వాళ్ళ వీధినీ రాసుకోండి. రెండు పటాలూ పక్కపక్కన పెడితేనే అది మీ నాన్నగారు పెరిగిన ఊరు అవుతుంది.

పేట పేరు కూడా వదలకండి. మా ఊళ్ళో గుజరాతీపేట, బొందిలీపురం, హయాతినగరం, ఫాజుల్‌బేగ్‌పేట ఉన్నాయి. ఎక్కడెక్కడివాళ్ళు వచ్చి స్థిరపడ్డారో పేర్లే చెబుతాయి. 1641లో షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఇప్పటికీ ఉంది. మీ నాన్నగారి తరగతిలో ఏ పేటల పిల్లలు ఉండేవారు, ఇంట్లో వాళ్ళు ఏ భాష మాట్లాడేవారు, ఎవరి పండక్కి ఎవరింట్లో తిన్నారు? ఈ మూడు ప్రశ్నలకు నాకు ఎప్పుడూ మంచి జవాబులే వచ్చాయి.

దుఃఖం విషయం. ఆ తరంలో దాదాపు ప్రతి ఇంట్లో పోయిన పిల్లలున్నారు. ‘అమ్మవారు పోసింది’ అని ఒక్క మాట అని ఆగిపోతారు. మశూచి మన దేశంలో చివరిగా కనిపించింది 1975లో. అంటే ఆయన చిన్నతనమంతా ఆ భయం ఉంది. పోయిన చెల్లెలి ప్రస్తావన వస్తే రికార్డరు ఆపేసి, ఊరికే పక్కన కూర్చోండి. కావాలంటే ఆయనే మళ్ళీ మొదలుపెట్టమంటారు. అలాగే ఇరుగుపొరుగు ఇళ్ళ గుట్లు కొన్ని బయటపడతాయి. అవి మీ పిల్లల కోసం దాచుకోవచ్చు గానీ, ఊరందరికీ పంచడం తగదు. వాళ్ళ మనవలు ఇంకా అక్కడే ఉంటారు.

రికార్డింగు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఫోను చాలు. బల్ల మీద నేరుగా పెట్టకుండా మడిచిన తువ్వాలు మీద పెట్టండి. ఉదయం పూట, ఫ్యాను ఆపినా ఉక్క పోయని వేళ, నలభై నిమిషాలకు మించకుండా. మొదట్లోనే తేదీ, ఇద్దరి పేర్లు చెప్పండి. ఆయన భాషను సరిదిద్దకండి. రాగులను చోళ్ళు అంటే చోళ్ళే రాయండి, వాగును గెడ్డ అంటే గెడ్డే. ఆ రోజు సాయంత్రమే మూడు చోట్ల దాచండి. నేను మొదట్లో తీసిన పదకొండు క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించమని ఒక స్టూడియోకు ఇచ్చాను. తిరిగి రాలేదు. వాటిలో ఆరుగురు ఇప్పుడు లేరు. వాళ్ళ మాటలు నా చేతిరాతలో మిగిలాయి, గొంతులు పోయాయి. వాటిలో మా అమ్మ గొంతు ఒకటి. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను: అసలు ప్రతి ఎవరి చేతికీ ఇవ్వకండి.

ఇక ఇల్లు. మీకున్న సమయం కొద్ది. కొన్నవారిని అడిగి ఒక్క ఉదయం అనుమతి తీసుకోండి. నాన్నగారిని తెల్లవారుజామునే తీసుకెళ్ళండి, వీధి సందడి మొదలవకముందే. ముందు వీధి మొదటి నుంచి నడిపించండి. ఎక్కడ ఆగితే అక్కడ ఆగండి, ‘పదండి’ అనవద్దు. ఒకాయన మూసేసిన ఒక షట్టరు ముందు ఆగి గోడ మీద చేయి వేసి చాలాసేపు నిలబడ్డారు. అక్కడ పూర్వం ఆయనకు ఓనమాలు దిద్దించిన మాస్టారి అరుగు ఉండేది. లోపలికి వెళ్ళాక ప్రతి గదిలోనూ ఆయన్ని నిలబెట్టి, ఆయన ఎత్తు ఎంత ఉన్నప్పుడు ఆ కిటికీ అందేదో చూపించమనండి. గదుల కొలతలు అడుగుల్లో రాసుకోండి. దూలాలు, తలుపు గొళ్ళెం, పెరట్లో నుయ్యి, వెనుక దొడ్డి తలుపు, అన్నీ ఫొటోలు తీయండి. ఒక పెంకు అడిగి తెచ్చుకోండి. ఎవరూ కాదనరు.

చివరగా నాకు ఒక సహాయం కావాలి. గుడివీధి నుంచి ఉమారుద్ర కోటేశ్వరస్వామి గుడి పక్కగా ఏటిలోకి దిగే పాత మెట్ల గురించి నా దగ్గర ముగ్గురి మాటలున్నాయి. ఒకరు తొమ్మిది అన్నారు, ఒకరు పదకొండు. మూడో ఆయన, కార్తీకంలో దీపాలు వదిలేటప్పుడు చివరి రెండూ నీళ్ళలోనే ఉండేవి, అందుకని లెక్కపెట్టలేదు అన్నారు. మీ నాన్నగారు ఆ మెట్లు దిగి ఉంటారు. ఎన్నో అడగండి. గుర్తు లేదంటే, అమ్మతో దీపం పట్టుకుని దిగినప్పుడు కాళ్ళు ఎప్పుడు తడిసేవో అడగండి. ఆయన ఏమన్నారో ఇక్కడే రాయండి, ఆ పటంలో ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉంచాను.